పార్వతీశం రైలు మా ఊరి మీదుగానే పోయింది

(తృతీయ సంవత్సరం బి.యస్సి. విద్యార్థి, బోగోలు)

నిడదవోలులో రైలెక్కినవాడు మద్రాసు చేరాలంటే బెజవాడ, తెనాలి, ఒంగోలు, కావలి దాటి, బిట్రగుంట మీదుగా నెల్లూరు, గూడూరు పోవలసిందే. 1899లో బెజవాడకూ మద్రాసుకూ రైలు దారి కలిసినప్పటినుంచీ ఇదే వరస. బిట్రగుంట స్టేషను మా బోగోలు మండలంలో ఉంది. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకోషెడ్డు ఉండేది. ఆ ఇంజన్లతోపాటే షెడ్డు వైభవమూ పోయింది గాని, స్టేషనూ రైల్వే కాలనీ మిగిలే ఉన్నాయి.

ఈ భూగోళ పాఠమంతా ఎందుకంటే, మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1924లో రాసిన ‘బారిష్టరు పార్వతీశం’లో కథానాయకుడు మొగల్తూరులో ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, నిడదవోలులో రైలెక్కి, మద్రాసు మీదుగా సీమకు పోతాడు. అంటే తెలుగు సాహిత్యంలోకెల్లా పేరుమోసిన అమాయకుడు మా ఊరి పొలాల పక్కగానే పోయాడన్నమాట. మా తాతల తండ్రులెవరో నారుమడిలో నడుం ఎత్తి ఆ రైలు వంక చూసే ఉంటారు. రైల్లోవాడికి వీళ్ళు పాతకాలం మనుషులు. వీళ్ళ లెక్కన రైల్లోవాడు ఊరు వదిలి పోతున్న వెర్రిబాగులవాడు. ఎవరిని చూసి ఎవరు నవ్వాలి?

ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్నది ఈ ప్రశ్ననే. పాతకాలపు అమాయకుడొకడు, లేదా అమాయకురాలొకతె, కొత్త లోకంలో అడుగుపెట్టటం, నవ్వులపాలు కావటం, నడుమ ఒక ప్రేమ పుట్టటం అనే కథ మనకు చాలా పాతది. సినిమాలో చూస్తాం, నాటకంలో చూస్తాం, ఏటేటా మన కాలేజీ వార్షికోత్సవంలో పది నిమిషాల హాస్య నాటికగా కూడా చూస్తూనే ఉన్నాం. ఆ కథ లోపలి యంత్రం ఎట్లా తిరుగుతుంది? ఫిజిక్సు చదివేవాడికి హాస్యంతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. యంత్రం కనిపిస్తే విప్పి చూడటం మా సబ్జెక్టు అలవాటు. అంతకు మించి దురుద్దేశం లేదు.

మొదటి అమాయకుడు

మన దేశంలో ఈ కథకు మూలపురుషుడెవరని వెతికితే రామాయణం బాలకాండలో ఋష్యశృంగుడు దొరుకుతాడు. విభాండక మహర్షి కొడుకు. అడవిలో తండ్రి దగ్గర పెరిగాడు. ఆడమనిషిని ఎన్నడూ చూసి ఎరుగడు. అంగరాజ్యంలో వానలు లేక కరువు వచ్చింది. ఋష్యశృంగుడు దేశంలో అడుగు పెడితే వాన కురుస్తుందని పెద్దలు రోమపాద మహారాజుకు చెప్పారు. రాజు వేశ్యలను పంపాడు. తండ్రి లేని సమయం చూసి వాళ్ళు ఆశ్రమానికి వచ్చారు. ఈ కుర్రవాడు వాళ్ళను అతిథులుగా భావించి కందమూలాలూ పళ్ళూ పెట్టాడు. వాళ్ళు తిరిగి భక్ష్యాలిస్తే, అవీ పళ్ళే కాబోలు, ఎన్నడూ తినని రకం పళ్ళు అనుకొని ఆనందంగా తిన్నాడు.

ఇక్కడ నవ్వు వస్తుంది. రాకపోతే ఆశ్చర్యం. అయితే ఆ కుర్రవాడు చేసిన తప్పేమిటో చెప్పండి! ఇంటికి వచ్చినవారిని ఆదరించాడు. ఉన్నది పెట్టాడు. ఇచ్చినది తిన్నాడు. అడవిలో తినే వస్తువంటే పండే కనుక దాన్ని పండే అనుకున్నాడు. తనకు తెలిసిన లోకాన్నిబట్టి అతని లెక్క తప్పలేదు. తప్పింది ఒక్కటే. ఎదుటివాళ్ళ దగ్గర వేరే లెక్క ఉందని అతనికి తెలియదు.

తరవాత కథ మనకు తెలుసు. వాళ్ళ వెంట అతను నగరానికి వచ్చాడు. వాన కురిసింది. రాజకుమార్తె శాంతతో పెళ్ళయింది. వ్యవసాయదారుల ఇంట పుట్టినవాడిగా నాకు ఈ ముగింపు మరీ ఇష్టం. నెల్లూరు తీరంలో మాకు ప్రధానమైన వాన అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే ఈశాన్య ఋతుపవనం. అది ముఖం చాటేసిన ఏడు ఎట్లా ఉంటుందో మా ఇళ్ళల్లో వేరే చెప్పనక్కరలేదు. నగరానికి బోలెడంత నాగరికత ఉంది గాని వాన లేదు. వాన తెచ్చినవాడు నాగరికత తెలియనివాడు. కథ కట్టిన పెద్దలు అమాయకుణ్ణి చూసి కాసేపు నవ్వుకోనిచ్చారు గాని, చివరికి నగరమే అతనికి ఋణపడేటట్లు చేశారు. మంచి కథకూ చౌకబారు కథకూ తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ముందు ముందు నిరూపిస్తాను.

అజ్ఞానం వేరు, అమాయకత్వం వేరు

పార్వతీశం మద్రాసులో ఒక టోపీ కొంటాడు. సీమకు పోయేవాడు టోపీ లేకుండా పోతే బాగుండదు గదా! తీరా చూస్తే అది ఆడవాళ్ళ టోపీ. ఈ ఘట్టం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. కాని విప్పి చూద్దాం. పరాయి దేశం పోయేటప్పుడు ఆ దేశం వేషం వేసుకోవటం వివేకమా, అవివేకమా? వివేకమే. పార్వతీశం ఆ వివేకం చూపాడు. అతనికి తెలియనిదల్లా టోపీల్లో ఆడ మగ తేడా ఉంటుందన్న ఒక్క చిన్న సంగతి. రేపు ఒక దొర బోగోలు వచ్చి, ఎండకు తలకు చుట్టుకుందామని బట్టల కొట్లో ఓణీ కొన్నాడనుకోండి. అతనూ పార్వతీశమే. ఆ దొర బారిష్టరు చదివినవాడైనా సరే, మా ఊరి పిల్లకాయలు వెంటబడి నవ్వుతారు.

కనుక ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఒకడు కొత్తచోట చేసిన పని అతని సొంత ఊళ్ళో చేస్తే సబబుగా ఉంటుందా? ఉంటుందంటే అది అమాయకత్వం. అక్కడా సబబు కాదంటే అది వట్టి తెలివితక్కువతనం. రెండోదాన్ని చూసి ఎంతసేపు నవ్వినా మనకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మొదటిదాన్ని చూసి నవ్వితే మాత్రం, నవ్వు ఆగిన తరవాత మనకు ఒక సంగతి తెలుస్తుంది. మనం ప్రకృతి ధర్మాలనుకున్నవి చాలావరకు మన వీధి కట్టుబాట్లేనని.

ఫిజిక్సులో దీనికి చక్కని పోలిక ఉంది. 1632లో గెలీలియో అచ్చువేసిన గ్రంథంలో ఒక ఓడ ముచ్చట వస్తుంది. కిటికీలు లేని ఓడ గదిలో కూర్చున్నవాడికి, ఓడ ఒకే వేగంతో నెమ్మదిగా సాగుతుంటే, అది కదులుతున్నదో నిలిచి ఉన్నదో తేల్చటం సాధ్యం కాదు. గదిలో పడే నీటిబొట్టు తిన్నగానే పడుతుంది. ఎగిరే ఈగ మామూలుగానే ఎగురుతుంది. అనగా చలనమనేది ఎక్కడ నిలబడి చూస్తున్నామనేదాన్నిబట్టి ఉంటుంది. బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద రెండు రైళ్ళు పక్కపక్కన ఆగి ఉన్నప్పుడు, ఒకటి కదిలితే మన రైలే కదిలిందనుకొని ఎంతమంది గాభరాపడలేదు! ఆధునికుడు తన రైలు ముందుకు పోతున్నదనీ, పల్లెటూరివాడు వెనక్కు పోతున్నాడనీ అనుకోవటం కూడా ఇట్లాంటిదే. ఎవరి బండిలోనుంచి వారు చూస్తున్నారు.

మొక్కపాటివారి గొప్పతనం నాకు ఇక్కడ కనబడుతుంది. ఆయన కథను పార్వతీశం చేతనే చెప్పించారు. కథంతా ‘నేను’ అంటూ నడుస్తుంది. రచయిత తానూ ఎడింబరోలో చదువుకొని వచ్చినవారే. కావాలంటే పైనుంచి కిందికి చూసి, ఒక పల్లెటూరి మొద్దును బొమ్మ కట్టి ఆడించి ఉండవచ్చు. అట్లా చేయలేదు. మనలను పార్వతీశం బండిలోనే కూర్చోబెట్టారు. అందుచేత అతను పడితే మనమూ పడతాం. అతని టోపీని చూసి నవ్వేవాళ్ళు మనకూ కొత్తవాళ్ళుగానే ఉంటారు. ఇక ఎగతాళికి చోటెక్కడ?

నవ్వుకు థర్మామీటరు

మా తెలుగు మాష్టారు ఒకరోజు పాఠం చెబుతూ భరతముని నాట్యశాస్త్రంలో హాస్యాన్ని ఎట్లా విడదీశారో వివరించారు. అప్పటినుంచీ అది నా బుర్రలో తిరుగుతున్నది. శృంగారంనుంచి హాస్యం పుడుతుందని భరతుడి మాట. అంటే ప్రేమకూ నవ్వుకూ చుట్టరికం ఈనాటిది కాదన్నమాట. మళ్ళీ హాస్యం రెండు విధాలు. తాను నవ్వటం ఒకటి, ఎదుటివాణ్ణి నవ్వించటం రెండోది. నవ్వుకు ఆరు మెట్లు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తముల నవ్వులు. నడిమి రెండూ మధ్యములవి. చివరి రెండూ అధములవి. స్మితంలో పళ్ళు కూడా కనబడవు. కళ్ళూ బుగ్గలూ మాత్రమే నవ్వుతాయి. అతిహసితానికి వచ్చేటప్పటికి కళ్ళ నీళ్ళు, డొక్కలు పట్టుకోవటం, పెద్ద గొంతుతో అరవటం.

ఇది నిజంగా ఒక థర్మామీటరు. హాలులో ఒకే ఘట్టానికి ఒకడు స్మితం దగ్గర ఆగితే, పక్కవాడు అతిహసితం దాకా పోతాడు. ఘట్టం మారలేదు. మారింది నవ్వేవాడికీ పాత్రకూ మధ్య దూరం.

ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ 1900లో నవ్వు మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పినదాని సారాంశం ఏమంటే, నవ్వాలంటే కాసేపు మనసుకు మత్తు ఇవ్వాలి. జారి పడినవాడి మీద జాలి కలిగిన మరుక్షణం మనం నవ్వలేం. అందుకని సొంత తమ్ముడు పడితే నవ్వు రాదు, దారినపోయేవాడు పడితే వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. నవ్వుకు మనసు నిద్రపోవాలి. ప్రేమకు మనసు మేలుకోవాలి. ఈ రెండింటినీ ఒకే కథలో పెడితే ఒకటి ఇంకొకదాన్ని చంపేయాలి గదా! చంపకుండా నడిపించటమే హాస్యప్రణయ కథ రాసేవాడి పని. దానికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం ఒకటే. కథలో అందరికంటే ముందు ఒక్కరు నవ్వటం మానేస్తారు. మొదట లోకంతోపాటు తానూ నవ్విన మనిషి, ఒకనాటికి నవ్వలేకపోతుంది. ఆ క్షణంలో మనకు తెలిసిపోతుంది, ప్రేమ పుట్టిందని. ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అనే డైలాగు దాని తరవాత వచ్చినా రాకపోయినా ఒకటే.

చాప్లిన్ ‘సిటీ లైట్స్’ 1931లో వచ్చింది. అప్పటికి సినిమా మాట్లాడటం నేర్చి నాలుగేళ్ళయినా, చాప్లిన్ తన దేశదిమ్మరి పాత్రచేత ఒక్క మాట కూడా పలికించలేదు. పాతకాలపు మూకీ మనిషి కొత్త మహానగరంలో తిరుగుతాడు. పూలమ్ముకునే గుడ్డిపిల్ల అతన్ని ధనవంతుడనుకుంటుంది. ఆ పిల్ల కంటి చికిత్సకు డబ్బు తెచ్చి ఇచ్చి అతను జైలు పాలవుతాడు. చివరికి చూపు వచ్చిన పిల్ల, చిరిగిన బట్టల్లో ఉన్న అతన్ని చూసి మొదట నవ్వుతుంది. తరవాత చెయ్యి తాకి గుర్తుపడుతుంది. నవ్వు ఆగిపోతుంది. అక్కడితో సినిమా అయిపోతుంది. వాళ్ళకు పెళ్ళి అయిందా లేదా అని చాప్లిన్ చెప్పలేదు. చెప్పవలసిన పని లేదు.

ఇంద్రజ ఉంగరం

మన తెలుగులో ఈ కోవకు చెందినది, ఇంటింటికీ తెలిసినది చెప్పమంటే నేను ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’నే చెబుతాను. కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో 1990 మే 9న విడుదలైంది. అదే రోజు ఘోరమైన తుఫాను ఆంధ్రతీరాన్ని తాకింది. మా తీరం ఊళ్ళలో పెద్దవాళ్ళకు ఆ తేదీ రెండు విధాలా గుర్తు. వరద నీళ్ళలో పడి జనం సినిమాకు పోయిన ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడ అమాయకుడు కాదు, అమాయకురాలు. ఇంద్రుడి కూతురు ఇంద్రజ, అంటే శ్రీదేవి. మానససరోవరంలో జలకాలాడటానికి దిగి వచ్చి ఉంగరం పోగొట్టుకుంటుంది. ఉంగరం లేనిదే స్వర్గంలోకి ప్రవేశం లేదు. ఆ ఉంగరం రాజు చేతికి చిక్కుతుంది. రాజు పాత్ర చిరంజీవిది. యాత్రికులకు దారి చూపించే గైడు, నలుగురు అనాథ పిల్లలను సాకుతున్న మనిషి. ఉంగరంకోసం ఇంద్రజ భూమ్మీద అతని ఇల్లు చేరుతుంది. జంధ్యాల మాటలు రాశారు. మనుషులను పట్టుకొని ఆమె ‘మానవా’ అని పిలుస్తుంటే హాలు ఘొల్లుమంటుంది.

ఇందులో కొత్తదనం గమనించండి. మామూలుగా అమాయకుడు తక్కువ చోటునుంచి ఎక్కువ చోటుకు, అంటే పల్లెనుంచి పట్నానికి పోతాడు. ఇక్కడ అమాయకురాలు ఎక్కువ చోటునుంచి తక్కువ చోటుకు వచ్చింది. స్వర్గంకంటే ఎక్కువ చోటు లేదు గదా! అయినా భూమ్మీద కట్టుబాట్లు తెలియవు కాబట్టి ఆమే నవ్వులపాలయింది. దీన్నిబట్టి రుజువయ్యేదేమంటే, అమాయకత్వానికీ హోదాకూ సంబంధం లేదు. తెలివికీ సంబంధం లేదు. కొత్త చోటికి వచ్చిన ప్రతివారూ అమాయకులే, అది దేవకన్య అయినా సరే.

మా అవ్వకు ఈ సినిమా అంటే ప్రాణం. టీవీలో వచ్చినప్పుడల్లా చూస్తుంది. ఒకసారి, ‘అవ్వా, ఇందులో నీకు అంత నచ్చిందేంది?’ అని అడిగాను. ‘నేను మీ తాత ఇంటికి కాపరానికి వచ్చిన కాడ అట్టనే ఉండింది నాకు. యాడ ఏముందో తెలవదు. ఏం మాట్లాడినా నవ్వేవోళ్ళు’ అంది. నాకు ఆశ్చర్యమేసింది. దేవకన్య కథలో మా అవ్వ కోడలి కథ చూసుకుంటున్నది. ఆలోచిస్తే నిజమే. మన ఆడవాళ్ళు ప్రతి ఒక్కరూ ఒకనాడు తెలియని లోకంలో అడుగుపెట్టినవాళ్ళే. పార్వతీశం సీమకు పోయాడని నవల రాశారు. పుట్టింటినుంచి అత్తింటికి పోయినవాళ్ళ మీద ఎన్ని నవలలు రావాలో!

ఇక ఉంగరం సంగతి. అది ఒట్టి నగ కాదు. అది ఆమె తిరుగు టికెట్టు. ఉన్నంతకాలం ఆమె భూమ్మీద చుట్టపుచూపుగా వచ్చిన మనిషే. చివరికి ఆమె స్వర్గాన్ని వదులుకొని భూమ్మీదే నిలిచిపోతుంది. అమాయకుల ప్రేమకథలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో ఈ తిరుగు టికెట్టు ఉంటుంది. ఋష్యశృంగుడికి తండ్రి ఆశ్రమం. మిగిలిన ప్రశ్న ఒక్కటే, ఆ టికెట్టు ఎవరు చించేయాలి?

నాయన చెప్పులు

ఇక్కడ కొంచెం మన సంగతికి వస్తాను. మన కాలేజీలో సగంమందిమి పల్లెలనుంచి వచ్చినవాళ్ళం. చాలా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి మనమే. కిందటేడు మా నాయన ఏదో సంతకం పనిమీద కాలేజీకి వచ్చాడు. నేను లేబరేటరీలో ఉన్నానని తెలిసి అక్కడికి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, పంచె దించుకొని లోపలికి వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడిన కొందరు నవ్వారు. ‘గుడి అనుకున్నాడురా పెద్దాయన’ అని ఒకరన్న మాట నాకు వినబడింది.

ఆయన గుడి అనుకోలేదు. మా ఇంట్లో కళ్ళం మీద చెప్పులతో అడుగు పెట్టరు. గింజ ఉన్నచోటు, పనిముట్టు ఉన్నచోటు అట్లా తొక్కరాదు. బల్లలమీద వరసగా తక్కెడలూ గాజు సామానూ కనబడేసరికి, ఇది పిల్లకాయలు పని చేసుకునే తావు అని ఆయనకు అర్థమైంది. పని చేసే తావుకు ఇచ్చే మర్యాద ఇచ్చాడు. తమాషా ఏమంటే, లేబరేటరీలో ఎన్నో ఏళ్ళుగా పని చేస్తున్న అటెండరుగారు అది చూసి, ‘పెద్దాయన చేసిందే సరయిన పద్ధతి. మీరు తొక్కుకొచ్చే దుమ్ము పడబట్టే నాకు రోజూ తక్కెళ్ళు తుడిచే చాకిరీ’ అన్నారు. మిల్లీగ్రాములు తూచే తక్కెడకు దుమ్ము శత్రువని మొదటి సంవత్సరం ప్రాక్టికల్సులోనే మాకు చెబుతారు. మేమంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. పాటించింది మాత్రం ఆ రోజు మా నాయన ఒక్కడే.

ఇది మా నాయన గొప్ప చెప్పుకోవటానికి రాయలేదు. పైన చెప్పిన యంత్రం పుస్తకాల్లోనే కాక మన వరండాల్లో కూడా తిరుగుతుందని చూపించటానికి రాశాను. మొదట కట్టుబాట్ల ఢీ. తరవాత నవ్వు. ఆ తరవాత ఎవరో ఒకరు నవ్వటం మానటం. చివరికి, అమాయకుడి లెక్కే సరి అని తేలటం. నాలుగు మెట్లూ ఐదు నిమిషాల్లో అయిపోయినాయి. అయితే అన్నిసార్లూ అటెండరుగారు ఉండరు. చాలాసార్లు వ్యవహారం రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఆగిపోతే ఏమవుతుంది? నేను చూసినది చెబుతాను. తరగతిలో ‘ఏంది సార్’ అని లేచి ప్రశ్న అడిగే కుర్రాడు, రెండుసార్లు వెనక బెంచీలు నవ్వితే, మూడోసారి లేవడు. పరీక్షల్లో తప్ప నోరు విప్పడు. హాస్టలుకు తండ్రి వస్తానని ఫోను చేస్తే, ‘నువ్వు రామాక నాయనా, నేనే వస్తాను’ అంటాడు. నచ్చిన అమ్మాయితో పుస్తకం అడిగే నెపంతోనైనా మాట్లాడడు, నోరు తెరిస్తే యాస బయటపడుతుందని. ఊరునుంచి వచ్చిన అమ్మాయిల సంగతి ఇంతకన్నా కష్టం. వాళ్ళు నవ్వినా తప్పే, నవ్వకపోయినా తప్పే. ఇక్కడ పుట్టవలసిన ప్రశ్నలు, స్నేహాలు, ఒక్కోసారి ప్రేమలు కూడా పుట్టకుండానే పోతున్నాయి. నవ్వు ఖరీదు ఇంత అని నవ్వేవాడికి తెలియదు.

టికెట్టు ఎవరు చించాలి?

అమాయకుడి ప్రేమకథలు ముగిసే తీరు మూడు రకాలు. మొదటి రకంలో అమాయకుడు మారిపోతాడు. పిలక తీసి క్రాపు పెట్టించి, పంచె విడిచి ప్యాంటు తొడిగి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చి, అప్పుడు నాయికకు తగినవాడవుతాడు. ఇది చౌక రకం. తిరుగు టికెట్టు ఒక్కడే చించాడు. రెండో రకంలో ఆధునికురాలు మారిపోతుంది. జుట్టు కురచగా కత్తిరించుకున్న పట్నం పిల్ల చివరి రీలులో పట్టుచీర కట్టి, పసుపు రాసుకొని, పేడనీళ్ళు చల్లుతుంది. జనం చప్పట్లు కొడతారు. ఇదీ చౌక రకమే. ఇక్కడ టికెట్టు ఆమె ఒక్కతే చించింది. పైగా పొగరు అణిగిందన్న సంతోషం ఒకటి!

మూడో రకం అరుదు. అందులో ఇద్దరూ చెరికొంత కదులుతారు. కె. విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’ 1986లో వచ్చింది. అందులో లోకం తీరు తెలియని శివయ్య, సీతారాముల కళ్యాణం జరుగుతుండగా భర్త పోయిన లలిత మెడలో తాళి కడతాడు. లోకం దృష్టిలో అది తెలియనితనం. కాని లోకజ్ఞానం ఉన్న అంతమందిలో ఆమె కష్టం పట్టించుకున్నది తెలియనివాడొక్కడే. తరవాత లలిత అతనికి లోకం నేర్పుతుంది. అతను ఆమెకు జీవితం మీద ఆశ కలిగిస్తాడు. ఎవరూ ఎవరి స్థాయికీ ఎక్కలేదు, దిగలేదు. ఆ ఏడు ఆస్కారు పోటీకి మన దేశం పంపిన సినిమా అది. తెలుగు తెలియనివారికి కూడా అందులో మనిషి అర్థమయ్యాడన్నమాట.

నా వ్యాసంలో చెప్పదలచుకున్న ఒక్క మాట ఇదే. అమాయకుణ్ణి చూసి నవ్వటం పాపం కాదు. నవ్వు రాకపోతే ఆ కథే లేదు. కాని నవ్వు మొదటి మెట్టు. అక్కడే ఇల్లు కట్టుకొని కూర్చుంటే అది హాస్యం కాదు, భరతుడు మధ్యముల కింద చేర్చిన ఉపహసితం, మన వాడుకలో ఉపహాసం. నవ్వినవాళ్ళు కూడా తమ బండి దిగి, అవతలి బండిలోనుంచి ఒకసారి లోకాన్ని చూసినప్పుడే కథ పూర్తవుతుంది. ప్రేమ చేసే పని అదొక్కటే. ఒక మనిషికోసం ఇంకొక మనిషి తన కిటికీ మార్చుకోవటం.

ఈ రోజుల్లో పార్వతీశాలు లేరనుకోవద్దు. మా బోగోలులో కూరగాయల బండి మీద కూడా డబ్బు కట్టే కోడు అట్ట వేలాడుతున్నది. మా అవ్వ దానికి దణ్ణం పెట్టబోతే మనవరాలు నవ్వింది. రేపు మనవరాలు వరిమడిలో దిగి, కలుపు మొక్క అనుకొని నారు పీకితే అవ్వ నవ్వుతుంది. లెక్క సరిపోతుంది. ఇంకో పదేళ్ళకు యంత్రాలు ఇంకా మారతాయి. ఈ రోజు లేబరేటరీ కిటికీ దగ్గర నవ్విన మనమే, అప్పుడు మన పిల్లల ముందు ఆడవాళ్ళ టోపీ పెట్టుకొని నిలబడతాం. ఎవరి తిరుగు టికెట్టూ శాశ్వతం కాదు.

చివరగా విద్యార్థి సంఘం మిత్రులకు ఒక మనవి. ఏటా వార్షికోత్సవంలో మనం వేసే హాస్య నాటికలో పల్లెటూరి పాత్ర ఒకటి తప్పకుండా ఉంటుంది. పెద్ద పిలక, ఎగగట్టిన పంచె, కావాలని సాగదీసిన నెల్లూరు యాస. అతను నోరు తెరిస్తే ఈలలు. నాయిక అతన్ని ఇంగ్లీషులో తిట్టి వెళ్ళిపోతుంది. ఈసారి కూడా ఆ పాత్ర ఉండనివ్వండి. పిలకా ఉండనివ్వండి. ఒక్క మార్పు చేద్దాం. కథ అతని నోట చెప్పిద్దాం, మొక్కపాటివారు చేసినట్లు. నాయికకు తిట్టటం కాక ఒక ప్రశ్న అడిగే అవకాశం ఇద్దాం. ‘అట్లా ఎందుకు చేశావు?’ అని ఆమె అడిగితే, అతను తన ఊరి లెక్క చెబుతాడు. ఆ తరవాత ఈలలు వేసేదీ మానేదీ హాలులోవాళ్ళ ఇష్టం. పాత్ర వేయటానికి మనిషి కావాలంటే యాస సాగదీయవలసిన పని లేనివాళ్ళం బోగోలునుంచి ముగ్గురం ఉన్నాం. రిహార్సలుకు పిలిస్తే వస్తాం.